తాగనివారి వాటా: పొగాకు పొగ, ఇ-సిగరెట్ ఆవిరి

సిగరెట్ కాల్చే మనిషి పక్కన కూర్చున్నవారికి ఆ పొగవల్ల కీడు ఉన్నదా అన్న ప్రశ్న ఇరవయ్యో శతాబ్దపు చివరి రెండు దశాబ్దాల్లో దాదాపుగా తేలిపోయింది. ఇ-సిగరెట్ పీల్చే మనిషి వదిలిన ఆవిరివల్ల పక్కవారికి ఎంత కీడు అన్న ప్రశ్న మాత్రం ఇంకా విచారణలోనే ఉన్నది. ఈ రెండో ప్రశ్నకు ప్రస్తుతం రెండు జవాబులు వాడుకలో ఉన్నాయి. పొగాకు పొగతో పోలిస్తే ఈ ఆవిరివల్ల కీడు లెక్కలోకి రానంత తక్కువ అన్నది ఒకటి. శుభ్రమైన గాలితో పోలిస్తే ఇది నిస్సందేహంగా కాలుష్యమే అన్నది మరొకటి. విచిత్రమేమంటే ఈ రెండు జవాబులూ చాలావరకు ఒకే కొలతల మీద ఆధారపడినవే. త్రాసులో ఒక తట్టలో ఆవిరిని పెట్టినవారు రెండో తట్టలో దేనిని పెడుతున్నారన్నదాన్ని బట్టి ముల్లు అటో ఇటో వాలుతున్నది. అందువల్ల ఈ విషయాన్ని పరిశీలించేవారు కొలత ఎంత అన్నదానితోపాటు, అది దేనితో పోల్చి చెప్పిన మాట అన్నది కూడా అడుగడుగునా చూసుకోవలసి ఉంటుంది.

వెలిగించిన సిగరెట్ నుంచి పొగ రెండు దారుల్లో గాలిలోకి వస్తుంది. తాగే మనిషి దమ్ము లాగినప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి, అక్కడ కొంత నిలిచిపోయి, తక్కినది ఊపిరితో బయటపడేది ప్రధాన పొగ. దమ్ముకూ దమ్ముకూ మధ్య, వేళ్ళ సందునో యాష్‌ట్రే అంచునో సిగరెట్ తనంతట తాను రాజుకుంటూ వదిలేది పక్క పొగ. గదిలో ఉన్న ఇతరులు పీల్చే పొగలో సుమారు 85 శాతం ఈ పక్క పొగే కావడం ఈ చర్చ మొత్తానికీ మూలమైన విషయం. దమ్ము లాగుతున్న క్షణంలో సిగరెట్ కొన 900 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరుతుంది. దమ్ము ఆగగానే వేడి తగ్గి, తగినంత గాలి అందక, పొగాకు అరకొరగా కాలుతుంది, ఆ అరకొర మంటలోనే విషపదార్థాలు ఎక్కువగా పుడతాయి. ఫిలిప్ మోరిస్ కంపెనీ 1980లలో తన ప్రయోగశాలలో జంతువుల మీద జరిపించి బయటపెట్టకుండా ఉంచిన పరీక్షల కాగితాలను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో విశ్లేషించినప్పుడు, గ్రాముకు గ్రాము లెక్కన పక్క పొగ ప్రధాన పొగకంటే సుమారు నాలుగు రెట్లు విషపూరితమని తేలింది. అంటే తాగనివారికి చేరేది పొగలో పలచని భాగమే అయినా, చెడ్డ భాగం. మొత్తం పొగాకు పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలు ఉన్నాయనీ, వాటిలో సుమారు డెబ్బై క్యాన్సర్‌ను కలిగించేవనీ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టను నిప్పు ఉన్న వైపు నోటిలో పెట్టుకొని తాగే అడ్డపొగ అలవాటు ఒకటి ఉన్నది. ఆ నిప్పు తగిలే అంగుటికే పుండ్లు, క్యాన్సర్ వస్తాయని శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల మీద జరిగి 1971లో వెలువడిన అధ్యయనం నిరూపించింది. పొగాకు విషయంలో హాని మండే కొనను వెంటాడి పోతుందనడానికి ఇంతకంటే కఠినమైన ఉదాహరణ దొరకదు.

ఇ-సిగరెట్‌లో ఆ మండే కొన లేదు. చైనాకు చెందిన హాన్ లిక్ అనే ఫార్మసిస్టు 2003లో రూపొందించిన ఈ పరికరపు ఇప్పటి రూపాల్లో ఒక బ్యాటరీ, దానితో వేడెక్కే సన్నని లోహపు తీగ చుట్ట, ఆ తీగకు ద్రవాన్ని అందించే వత్తి ఉంటాయి. ద్రవంలో ప్రధానంగా ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే రెండు తియ్యని చిక్కటి పదార్థాలు. వాటిలో నికోటిన్‌ను, పండ్ల రుచినో పుదీనా రుచినో ఇచ్చే సువాసన ద్రవ్యాలను కలుపుతారు. తీగ సాధారణంగా రెండు మూడు వందల డిగ్రీలకు మించకుండా వేడెక్కి ద్రవాన్ని మరిగిస్తుంది. దీన్ని ఆవిరి అనడం వాడుకకు సరిపోతుంది గాని, శాస్త్రరీత్యా సరికాదు. ఇడ్లీ పాత్ర మూత తీయగానే కనిపించే తెల్లని మేఘం నిజానికి నీటి ఆవిరి కాదు, ఆవిరి కంటికి కనబడదు. కనబడేది చల్లబడి మళ్ళీ ద్రవంగా మారిన అతి సన్నని తుంపర. ఇ-సిగరెట్ నుంచి వచ్చేదీ అలాంటి తుంపరే. గాలిలో తేలుతూ ఉండే ఇటువంటి సూక్ష్మ బిందువుల, కణాల సముదాయాన్ని ఏరోసాల్ అంటారు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం: ఇది పొగ కాదు. అయితే పొగ కానంత మాత్రాన గాలి అయిపోదు.

పక్కవారి దృష్టితో చూస్తే రెండింటికీ అసలు తేడా మరొకచోట ఉన్నది. పీల్చినప్పుడు తప్ప తీగ వేడెక్కదు గనుక ఇ-సిగరెట్‌కు పక్క పొగ లేదు. గదిలోకి వచ్చేదంతా తాగే మనిషి ఊపిరితిత్తులను దాటి వచ్చినదే. అమెరికాలో గిడియన్ సెయింట్ హెలెన్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో, పీల్చిన నికోటిన్‌లో 93.8 శాతం, గ్లిజరిన్‌లో 91.7 శాతం, ప్రొపిలీన్ గ్లైకాల్‌లో 84.4 శాతం పీల్చినవారి శరీరంలోనే ఉండిపోతున్నట్లు తేలింది. పీల్చే మనిషి తెలియకుండానే పక్కవారికి వడపోత గుడ్డగా పనిచేస్తున్నాడన్నమాట. ఆ వడపోత ఫలితాన్ని అతని ఊపిరితిత్తులే మోస్తాయి. సిగరెట్ తాగేవాడు కూడా తాను లాగిన పొగను కొంత వడగడతాడు, కాని గదిని నింపే పక్క పొగ అతని నోటి దాకా రానే రాదు.

పొగవల్ల పక్కవారికి హాని ఉన్నదని లోకం ఒప్పుకోవడానికి ఎంత కాలం పట్టిందో గుర్తుచేసుకోకుండా ఆవిరి మీద తీర్పు చెప్పబూనడం తొందరపాటు అవుతుంది. 1981 జనవరిలో తకేషి హిరయామా అనే జపాన్ శాస్త్రవేత్త బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం ప్రచురించాడు. తాము ఏనాడూ పొగ తాగని 91,540 మంది భార్యలను 14 సంవత్సరాలపాటు పరిశీలించి, భర్త తాగే సిగరెట్ల సంఖ్య పెరిగినకొద్దీ భార్య ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం పెరుగుతున్నదని ఆయన చూపించాడు. గ్రీసులో త్రికోపూలోస్ బృందం అదే సంవత్సరం అదే దిశలో ఫలితాలను వెల్లడించింది. గణాంకాల్లో పొరపాటు ఉన్నదనీ, వంటింటి పొగవంటి ఇతర కారణాలను లెక్కలోకి తీసుకోలేదనీ, భార్యలు తాము తాగే సంగతి దాచి ఉంటారనీ పొగాకు కంపెనీలు, వాటి తరఫు నిపుణులు ఏళ్ళ తరబడి వాదించారు. 1986లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక, 1992లో ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ, 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒకదాని తరువాత ఒకటి హిరయామా వైపే నిలబడ్డాయి. పరోక్ష ధూమపానంలో ప్రమాదం లేని మోతాదంటూ ఏదీ లేదనీ, ఇంట్లోనో పనిచోటో పొగ పీల్చే తాగనివారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం, గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం ఎక్కువనీ 2006లో సర్జన్ జనరల్ తేల్చేసరికి హిరయామా వ్యాసం వచ్చి పాతికేళ్ళయింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా పది లక్షలకు పైగా తాగనివారు పక్కవారి పొగవల్ల చనిపోతున్నారు.

ఆ పాతికేళ్ళ వాదోపవాదాల్లో ఒక చిన్న పరిశోధనకు ఈ సందర్భంలో ప్రత్యేక విలువ ఉన్నది. పరోక్ష ధూమపానం మీద అప్పటిదాకా వచ్చిన 106 సమీక్షా వ్యాసాలను డెబొరా బార్న్స్, లీసా బెరో అనే ఇద్దరు పరిశోధకులు చదివి, వాటి ముగింపులు ఎందుకు ఒకదానితో ఒకటి పొసగడం లేదో వెతికి, ఫలితాన్ని 1998లో ప్రచురించారు. 39 వ్యాసాలు హాని లేదన్నాయి. వాటిలో 29 పొగాకు పరిశ్రమతో సంబంధం ఉన్నవారు రాసినవి. వ్యాసం నాణ్యతతోగాని, రాసిన కాలంతోగాని ముగింపుకు పొత్తు కుదరలేదు, రాసినవారి అనుబంధంతో మాత్రమే కుదిరింది. 2018 డిసెంబరులో మార్ల్‌బరో సిగరెట్లు అమ్మే ఆల్ట్రియా సంస్థ జూల్ అనే ఇ-సిగరెట్ కంపెనీలో 35 శాతం వాటాను 1,280 కోట్ల డాలర్లకు కొన్నది. ఇ-సిగరెట్ మీద వచ్చే ప్రతి సమీక్షనూ, ఇటువైపుదైనా అటువైపుదైనా, డబ్బు ఎవరిదన్న ప్రశ్నతో మొదలుపెట్టి చదవడం ఈ చరిత్ర తెలిసినవారికి అలవాటైపోయింది.

అయితే ఆ చరిత్ర నుంచి రెండు విరుద్ధమైన పాఠాలు తీసుకొనే వీలుంది. సాక్ష్యం కూడేదాకా ఆగితే మనుషులు చనిపోతారన్నది ఒకటి. పొగ మీద కష్టపడి కూడబెట్టిన సాక్ష్యాన్ని వేరొక పదార్థానికి ఊరికే అతికించరాదన్నది రెండోది. హిరయామా లెక్కించింది మండిన పొగాకును. ఆయన ఫలితాన్ని మండని ద్రవానికి ఆపాదించేవారు ఆయన పేరును వాడుకుంటున్నారే గాని పద్ధతిని కాదు.

ఇక కొలతల సంగతి. మొదటి రకం కొలతలు గదిలోని గాలికి సంబంధించినవి. పోలెండ్‌లో చోగాలా, గోనియెవిచ్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగంలో, గాలి మార్పిడిని అదుపులో పెట్టిన గదిలో ఇ-సిగరెట్ వాడినప్పుడు ఘనమీటరు గాలికి సగటున 3.32 మైక్రోగ్రాముల నికోటిన్, సిగరెట్ తాగినప్పుడు 31.6 మైక్రోగ్రాముల నికోటిన్ కనిపించింది, అంటే సుమారు పది రెట్ల తేడా. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షోవంతు. ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరగలిగే రెండున్నర మైక్రాన్లలోపు కణాలను పీఎం 2.5 అని వ్యవహరిస్తారు. అవి సిగరెట్‌తో 819 మైక్రోగ్రాములు, ఇ-సిగరెట్‌తో 152 మైక్రోగ్రాముల దాకా చేరాయి. మంటకు గుర్తైన కార్బన్ మోనాక్సైడ్ ఇ-సిగరెట్ నుంచి రాలేదు. మిలాన్ నగరంలో జరిగి అదే సంవత్సరం వెలువడిన మరో ప్రయోగంలో కూడా మొత్తం కణాల్లో పది రెట్ల తగ్గుదల, మంటలో పుట్టే క్యాన్సర్ కారక కర్బన సమ్మేళనాలు దాదాపు శూన్యం అని తేలింది. కాని అదే ప్రయోగంలో నికెల్ సిగరెట్ పొగలోకంటే నాలుగు రెట్లు ఎక్కువ కనిపించింది. సిగరెట్ పొగలో లేని క్రోమియం ఇ-సిగరెట్ తుంపరలో కనిపించింది. ఇవి పొగాకు ఆకు నుంచి వచ్చినవి కావు, తీగ నుంచి, టంకం నుంచి, పరికరపు లోహపు గొట్టం నుంచి వచ్చినవి. 2016 నవంబరులో ఢిల్లీ శివార్లలో జరిగిన పొగాకు నియంత్రణ ఒడంబడిక దేశాల సమావేశానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సమర్పించిన నివేదిక కూడా ఈ రెండు లోహాల సంగతిని ప్రత్యేకంగా ఎత్తి చూపింది. వస్తువు నాసిరకమైనకొద్దీ లోహాల బెడద పెరుగుతుంది గనుక, తయారీ మీద తనిఖీ లేని సరుకు వాడే చోట ఈ ముప్పు పక్కవారికీ పాకుతుంది.

మ్యూనిక్‌లో షోబర్ బృందం ఒక కాఫీ హోటల్‌ను పోలిన గదిలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన తొమ్మిదిమందితో చేసిన ప్రయోగంలో పీఎం 2.5 సగటు 197 మైక్రోగ్రాములకు చేరింది. అమెరికాలో ఒక హోటలు హాలులో ఇ-సిగరెట్ వాడుకరుల సమ్మేళనం జరిగినప్పుడు మూడు వందల నుంచి ఎనిమిది వందల మైక్రోగ్రాముల దాకా నమోదైంది. సమ్మేళనం లేని వేళ అదే హాలులో అది రెండు మూడు మైక్రోగ్రాములు. ఇరవై నాలుగు గంటల సగటు 15 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దుతో పోలిస్తే ఈ అంకెలు బెదరగొడతాయి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. కాంతి చెదిరిపోయే తీరును బట్టి కణాలను లెక్కించే ఈ యంత్రాలు మసి కణాన్నీ గ్లిజరిన్ బిందువునూ వేరుచేసి చూడలేవు. మసి గంటల తరబడి గాలిలో ఉండి, గోడకో గుడ్డకో ఊపిరితిత్తికో అంటుకుంటుంది. గ్లైకాల్ బిందువు చాలావరకు కొద్ది సెకన్లలో, మహా అయితే కొద్ది నిమిషాల్లో ఆవిరైపోతుంది. కాబట్టి ఒకే అంకె రెండు చోట్ల రెండు అర్థాలు ఇస్తుంది. బిందువు మాయమైనా అందులోని నికోటిన్ మాయం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి: అది వాయువుగా మారి కిటికీ అద్దం మీద, నేల మీద, పరుపుల మీద పేరుకుంటుంది. అలా పేరుకున్న నికోటిన్ గదిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లుగా మారగలదని 2010లో అమెరికాలోని బర్కిలీ ప్రయోగశాల పొగాకు పొగ విషయంలో చూపించింది. నేల మీద పాకి, చేతులు నోట్లో పెట్టుకొనే పసిపిల్లలున్న ఇళ్ళకు ఇది పట్టించుకోదగిన మాట.

ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన క్యాన్సర్ కారక వాయువు గురించిన వివాదం ఎక్కువగా వాడేవారికి చెందినది. ఎక్కువ వోల్టేజీ దగ్గర అది విపరీతంగా పుడుతున్నదని 2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లేఖ వెలువడగా, అంత వేడిలో ద్రవం మాడి గొంతు మండుతుంది గనుక ఏ మనిషీ దాన్ని పీల్చలేడని ఇతరులు బదులిచ్చారు. తక్కువ వోల్టేజీ దగ్గర అది దొరకలేదని ఆ లేఖలోనే ఉన్నది. 2019లో అమెరికాలో 2,807 మందిని ఆసుపత్రి పాలు చేసి 68 మందిని బలిగొన్న ఊపిరితిత్తుల వ్యాధి కూడా వాడినవారికి వచ్చినదే, గంజాయి సారం కలిసిన ద్రవాల్లో వేసిన విటమిన్ ఇ ఎసిటేట్‌తో ముడిపడినదే. దానిని పక్కవారి చర్చలోకి లాగడం సరికాదు.

గాలి కొలతలకంటే శరీరం కొలతలు నమ్మదగినవి, ఎందుకంటే గదిలో ఎంత ఉన్నదన్నదానికంటే మనిషిలోకి ఎంత చేరిందన్నదే వ్యాధికి దగ్గరి ప్రశ్న. నికోటిన్ శరీరంలో కోటినిన్ అనే పదార్థంగా మారి రక్తంలో, ఉమ్మిలో, మూత్రంలో రెండు మూడు రోజులు నిలుస్తుంది గనుక దానినే గుర్తుగా వాడతారు. ఫ్లూరిస్ బృందం 2013లో ప్రచురించిన ప్రయోగంలో పక్కవారి పొగకైనా పక్కవారి ఆవిరికైనా ఒక గంటసేపు గురైన తాగనివారి రక్తంలో కోటినిన్ ఇంచుమించు సమానంగా కనిపించి కొంత కలవరం పుట్టించింది, గాని అది ప్రయోగశాల గది. మామూలు ఇళ్ళలో ఏం జరుగుతున్నదో బార్సిలోనాలో బాల్బే బృందం 2014లో చూసింది. తాగేవారున్న ఇళ్ళ గాలిలో నికోటిన్ ఘనమీటరుకు 0.74, ఇ-సిగరెట్ వాడేవారున్న ఇళ్ళలో 0.13, ఏదీ లేని ఇళ్ళలో 0.02 మైక్రోగ్రాములు. గాలిలో పొగ ఇంటికీ ఆవిరి ఇంటికీ తేడా దాదాపు ఆరు రెట్లు. కాని ఆ ఇళ్ళలోని తాగనివారి ఉమ్మిలో కోటినిన్ తేడా రెండు రెట్లే. ఇ-సిగరెట్ ఇళ్ళు అయిదే కావడం ఈ పరిశోధనకు పెద్ద లోటు.

ఆ లోటును అమెరికా జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వే చాలావరకు తీర్చింది. 2017–2020 మధ్య రక్తం ఇచ్చిన, 3 నుంచి 11 ఏళ్ళ వయసున్న 1,777 మంది పిల్లల వివరాలను లండన్ పరిశోధకుడు హ్యారీ టాటన్-బర్చ్, అతని సహచరులు విశ్లేషించి 2024లో ప్రచురించారు. ఇంట్లో పొగకు గురైన పిల్లల రక్తంలో కోటినిన్ సగటున లీటరుకు 0.494, ఆవిరికి మాత్రమే గురైన పిల్లల్లో 0.081, రెండింటికీ దూరంగా ఉన్న పిల్లల్లో 0.016 మైక్రోగ్రాములు. ఈ మూడు అంకెల్లో మొత్తం వివాదం ఇమిడి ఉన్నది. మొదటి రెండింటిని పక్కపక్కన పెడితే ఆవిరి పిల్లవాడికి చేరిన నికోటిన్ పొగ పిల్లవాడికి చేరినదానిలో ఆరోవంతు. చివరి రెండింటిని పక్కపక్కన పెడితే ఆవిరి పిల్లవాడికి చేరినది శుభ్రమైన ఇంటి పిల్లవాడికంటే అయిదు రెట్లు. ఇంగ్లండ్ ఆరోగ్య శాఖవారు మొదటి జతను చదువుతారు, జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు రెండో జతను చదువుతారు.

ఈ అంకెలను చదివేటప్పుడు తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉన్నది. కోటినిన్ గుర్తు మాత్రమే, విషం కాదు. పొగలో నికోటిన్ ఒంటరిగా ప్రయాణం చేయదు. బెంజీన్, తారు, నైట్రోసమైన్లు, కార్బన్ మోనాక్సైడ్ దాని వెంట మందగా వస్తాయి. ఆవిరిలో ఆ మంద లేదు, ఉన్నా బాగా పలచన. గోనియెవిచ్ బృందం 2014లో 12 రకాల ఇ-సిగరెట్లను పరీక్షించి, అందులోని విషపదార్థాలు సిగరెట్ పొగలోకంటే 9 నుంచి 450 రెట్లు తక్కువని చూపించింది. కనుక నికోటిన్‌లో తేడా ఆరు రెట్లే అయినప్పుడు హానిలో తేడా అంతకంటే ఎక్కువే ఉంటుందని అనుకోవడం న్యాయం. ఆరోవంతు కోటినిన్ అంటే ఆరోవంతు క్యాన్సర్ అని అర్థం చేసుకోవడం, ఆవిరిని నిందించేవారు రాసినా సమర్థించేవారు రాసినా, తప్పు.

వ్యాధి సాక్ష్యం మాత్రం పలచగానే ఉన్నది. దక్షిణ కాలిఫోర్నియాలో 2014 నుంచి 2019 వరకు 2,097 మంది యువతను అనుసరించిన అధ్యయనం 2022లో థొరాక్స్ పత్రికలో వెలువడింది. ఇంట్లో పక్కవారి నికోటిన్ ఆవిరికి గురైనవారిలో దగ్గు, కఫం వంటి లక్షణాలు 1.40 రెట్లు, ఆయాసం 1.53 రెట్లు ఎక్కువ కనిపించాయి. ఫ్లోరిడాలో 2016లో ఉబ్బసం ఉన్న 11,830 మంది బడిపిల్లల సర్వేలో పక్కవారి ఆవిరి సోకినవారికి ఉబ్బసం తిరగబెట్టే అవకాశం 1.27 రెట్లు ఎక్కువని తేలింది. రెండూ పట్టించుకోవలసినవే. అయినా రెండూ ఎవరికి వారు చెప్పుకున్న మాటల మీద ఆధారపడినవి. ఆవిరి వాడే ఇంట్లో తరచుగా పొగ తాగేవారు కూడా ఉంటారు, ఆ ముడిని గణాంకాలతో పూర్తిగా విప్పడం కష్టం. క్యాన్సర్ గురించి ఏమైనా చెప్పాలంటే ఇరవై ముప్పై ఏళ్ళ అనుభవం కావాలి; ఇ-సిగరెట్ విరివిగా వాడుకలోకి వచ్చి అంత కాలం కాలేదు. ఎనిమిది వందలకు పైగా పరిశోధనలను వడగట్టిన అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2018లో ఇచ్చిన తీర్పు ఈ పరిస్థితికి సరిగ్గా అద్దం పట్టింది: ఇ-సిగరెట్ గదిలో నికోటిన్‌ను, కణాలను పెంచుతుందనడానికి సాక్ష్యం తిరుగులేనిది, అవి సిగరెట్ వల్ల వచ్చేదానికంటే తక్కువనడానికి సాక్ష్యం మధ్యస్థమైనది.

ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ 2015లో చెప్పి ప్రపంచమంతా ప్రచారమైన 95 శాతం తక్కువ హాని అన్న మాట సంగతి కూడా ఇక్కడే చూడాలి. అది వాడేవారి గురించిన మాట, పక్కవారి గురించినది కాదు. దాని పునాది కూడా ఏ ప్రయోగశాల కొలతా కాదు; డేవిడ్ నట్ అధ్యక్షతన లండన్‌లో కూర్చున్న 12 మంది నిపుణులు తమ అంచనాలను కలిపి తేల్చిన అంకె. లాన్సెట్ పత్రిక ఆ మాట వెలువడిన నెలలోనే దాని బలహీనతను సంపాదకీయంలో ఎండగట్టింది. అంకె పోయినా దాని వెనుక ఉన్న ఆలోచన పోదు: మంటను తీసివేస్తే విషంలో పెద్దభాగం పోతుంది. దీన్ని తోసిపుచ్చిన గంభీరమైన సమీక్ష లేదు.

తక్కువ మోతాదు గనుక తక్కువ హాని అన్న తర్కానికి గుండెజబ్బు దగ్గర ఒక హద్దు ఉన్నది. రోజుకు ఒకే సిగరెట్ తాగేవారికి అదనపు గుండెజబ్బు ముప్పు, ఇరవై తాగేవారి ముప్పులో ఇరవయ్యోవంతు కాదనీ, దాదాపు సగమనీ హాక్‌షా బృందం 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపించింది. పరోక్ష ధూమపానం అంత చిన్న మోతాదుతోనే గుండెను ఎందుకు దెబ్బతీస్తుందో, మోతాదు తగ్గినంతగా ముప్పు తగ్గని ఈ వంపు వివరిస్తుంది. మండని తుంపరకు కూడా ఇదే వంపు వర్తిస్తుందనడానికి ఆధారం లేదు, వర్తించదని కొట్టివేయడానికీ లేదు. అందుకే పదోవంతు, ఆరోవంతు అన్న భిన్నాలను నేరుగా ప్రాణాల లెక్కలోకి మార్చరాదు.

ఈ సాక్ష్యమంతటినీ ఒకచోట చేర్చి చూస్తే, రెండు వేర్వేరు గదులకు రెండు వేర్వేరు తీర్పులు చెప్పక తప్పదు. తండ్రి ఇప్పటికే ఇంట్లో సిగరెట్ తాగుతున్నప్పుడు, అతడు దానిని పూర్తిగా వదిలి ఇ-సిగరెట్‌కు మారితే ఆ ఇంటి పిల్లలకు మేలు జరుగుతుంది, ఆ మేలు చిన్నది కాదు. ఇప్పటికే పొగ నిషేధమైన కార్యాలయంలోకో భోజన హోటల్‌లోకో ఇ-సిగరెట్‌ను రానిస్తే అక్కడున్నవారికి కీడే గాని మేలు లేదు, ఎందుకంటే అక్కడ తీసివేయడానికి పొగ లేదు. మానలేనివారికి తక్కువ హాని కలిగించే దారి చూపాలన్న వాదం తాగే మనిషికి చెందిన వాదం. పక్కన కూర్చున్నవాడికి ఏ అలవాటూ లేదు, అతనికి తగ్గించవలసిన హానీ లేదు. చట్టాల విషయానికొస్తే, న్యూయార్క్ నగరం 2014లో తన పొగ నిషేధాన్ని ఇ-సిగరెట్లకు విస్తరింపజేసింది. వేల్స్‌లో అటువంటి బిల్లు 2016లో వీగిపోయింది. ఇంగ్లండ్‌లో 2007లో అమలులోకి వచ్చిన పొగ నిషేధం ఆవిరికి వర్తించలేదు, ఎవరి ఆవరణలో వారు నిర్ణయించుకునే పద్ధతి అమలైంది. చదువుకో ఉద్యోగానికో ఆ దేశాలకు వెళ్ళి నలుగురితో కలిసి అద్దె ఇంట్లో ఉండే తెలుగు యువతకు ఈ తేడాలు నిత్య జీవితంలో ఎదురయ్యేవే.

భారతదేశం మూడో దారి పట్టింది. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు ద్వారా, అదే సంవత్సరం డిసెంబరులో చట్టం ద్వారా ఇ-సిగరెట్ తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, నిల్వను, ప్రకటనను నిషేధించింది. తయారీ, అమ్మకం వంటి నేరాలకు మొదటిసారి ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వాడడాన్ని మాత్రం నేరంగా పేర్కొనలేదు. సిగరెట్, బీడీ అమ్మకాలు యథాతథంగా సాగుతున్నాయి. తక్కువ హానికరమైన వస్తువును నిషేధించి ఎక్కువ హానికరమైనదాన్ని అంగడిలో ఉంచడం పక్కవారి కోణం నుంచి చూస్తే తలకిందులైన వరుస; అయితే ఆ నిషేధం పక్కవారి కోసం వచ్చినది కాదు, కొత్తగా అలవాటుపడే కుర్రకారును దృష్టిలో పెట్టుకొని వచ్చినది. దానికి రెండు మూడేళ్ళ ముందు, 2016–17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో ఇ-సిగరెట్ వాడుతున్న పెద్దలు 0.02 శాతం. ఇంట్లో ఇతరుల పొగ పీలుస్తున్న పెద్దలు 38.7 శాతం. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగరాదన్న 2003 నాటి చట్టం, దాని కింద 2008 అక్టోబరు 2 నుంచి అమలైన రెండు వందల రూపాయల జరిమానా నిబంధన ఇంటి లోపలికి వర్తించవు.